బూటు ఎక్కడ నొక్కుతోంది

ఆ చలికాలం ఆఫీసు నుంచి రాగానే నేను చేసిన పని ఒక్కటే, మంచు మీద జారడానికి వేసుకునే స్కీ బూట్ల వీడియోలు చూడటం. పెళ్ళిసంబంధాలకి కూడా ఎవరూ అంత వాకబు చేసి ఉండరు. మా ఆవిడ వంటింట్లోంచే, "ఆ బూట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం ఒంటి మీద పెట్టొచ్చుగా," అనేది. నేను చెవిన వేసుకునేవాణ్ణి కాదు. స్కీయింగ్ రానివాళ్ళ మాటకి ఆ రోజుల్లో నేను పెద్దగా విలువ ఇచ్చేవాణ్ణి కాదు.

తెలియనివాళ్ళకి చెప్పాలంటే, బూట్లు రెండు జాతులు. రిసార్ట్‌లో వాడేవి ఒకటి. అక్కడ తీగకి వేలాడే కుర్చీల లిఫ్టు మనల్ని పైకి మోసుకెళ్తుంది, మన పనల్లా కిందికి జారడమే. అందుకని ఆ బూటు చీలమండని ఎటూ కదలనివ్వకుండా బిగించి పట్టుకుంటుంది. వాటితో పార్కింగ్ లాట్‌లో నాలుగడుగులు వేసేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. రెండోది టూరింగ్ బూటు. అక్కడ లిఫ్టూ ఉండదు, తాళ్ళు కట్టిన హద్దులూ ఉండవు. బూట్లకి తగిలించే స్కీ పలకల అడుగున జారకుండా పట్టీలు అంటించుకుని కొండని మన కాళ్ళతోనే ఎక్కి, అప్పుడు జారాలి. అందుకని ఆ బూటు తేలిగ్గా ఉంటుంది. వెనక చిన్న మీట ఉంటుంది, దాన్ని పైకి లేపితే మడమ దగ్గర వదులై మామూలుగా నడవనిస్తుంది. ఇవి రెండూ కలిపి చేసిన మూడో రకం కూడా ఉంది. దాన్ని అమ్మేవాళ్ళు రెండు పనులూ చేస్తుందంటారు, కొన్నవాళ్ళు ఏదీ సరిగ్గా చెయ్యదంటారు. నాకు కావలసింది ఆ మూడోది.

ఎందుకు కావాలో చెప్పాలంటే మా అమ్మాయి గురించి చెప్పాలి.

మేముండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. అక్కడికి మంచుకొండలు మూడు నాలుగు గంటల ప్రయాణం. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఉండగా స్కీయింగ్ నేర్చుకుంటానంది. తనని కొండ మీద వదిలి కెఫెటీరియాలో కాఫీ తాగుతూ కూర్చోవడం నచ్చక నేనూ నేర్చుకున్నాను. నలభై దాటాక నేర్చుకునే విద్య కాదది. అయిదేళ్ళ పిల్లలు నా కాళ్ళ మధ్యలోంచి జారిపోతుంటే నేను మంచులో వెల్లకిలా పడి ఆకాశం చూసేవాణ్ణి. అయినా మొండిగా నేర్చుకున్నాను.

ఆ మొండితనానికి నాకు దక్కింది లిఫ్టు కుర్చీ. ఇంట్లో మా అమ్మాయి నాతో మాట్లాడేది అంతంత మాత్రం. ఏమడిగినా "ఫైన్" అనేది. అదే లిఫ్టు ఎక్కి పక్కపక్కన కూర్చుంటే చేతులకి గ్లవ్స్, ఫోను తీసే వీలుండదు. లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునే వీలూ ఉండదు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే మాటలు వాటంతటవే వచ్చేవి. మెడిసిన్ చదవనని చెప్పింది ఆ కుర్చీలోనే. ఒక కుర్రాడి గురించి చెప్పిందీ అక్కడే, మరుసటి ఏడు వాడితో తెగిపోయిందని చెప్పిందీ అక్కడే. నేను సలహా ఇవ్వబోయేసరికి పైన దిగే చోటు వచ్చేసేది. బహుశా అందుకే చెప్పేదేమో.

ఉద్యోగం వచ్చి శాక్రమెంటోలో ఉండటం మొదలుపెట్టాక తనకి స్నేహితులతో టూరింగ్ అలవాటైంది. "రిసార్ట్ బోర్ నాన్నా. లైన్‌లో నిల్చోడానికే డే అంతా అయిపోతుంది," అంది. ఆ ఏడాది నేను ఒంటరిగా వెళ్ళాను. ఒంటరివాళ్ళకి లిఫ్టు దగ్గర వేరే వరస ఉంటుంది. అందులో నించుని ముక్కూ మొహం తెలియని ముగ్గురి పక్కన కూర్చుని పైకి వెళ్ళేవాణ్ణి. వాళ్ళు ఏ ఊరని అడిగేవాళ్ళు, నేను చెప్పేవాణ్ణి, అక్కడితో సరి. నాకు చాలా దిగులేసేది. స్కీయింగ్ అంటే నాకు అసలు ఇష్టం లేదనీ, ఇష్టమైంది ఆ కుర్చీ మాత్రమేననీ అప్పుడే తెలిసింది.

అలాంటిది, కొత్త సంవత్సరం వచ్చిన వారంలో తనే ఫోన్ చేసింది. "నాన్నా, ఒక ఈజీ ప్లేస్ ఉంది. స్లో స్లోప్, సేఫ్. ఎక్కడానికి టూ అవర్స్. నువ్వు కూడా వస్తావా? బట్ రెంటల్ బూట్స్ వద్దు, బ్లిస్టర్స్ వస్తాయి. గుడ్ బూట్స్ కొనుక్కో."

రెండు గంటలు! లిఫ్టు కుర్చీలో దొరికేది పది నిమిషాలే. హెలికాప్టర్ కొనమన్నా కొనేవాణ్ణి.

శనివారం పొద్దున్నే బయల్దేరి, దారిలో తనని ఎక్కించుకుని, కొండ కింద ఊళ్ళో ఉన్న బూట్ల కొట్టుకి వెళ్ళాను. అక్కడ బూట్లు తొడిగే ఆవిడకి దాదాపు నా వయసే ఉంటుంది, నెరిసిన జడ, మోకాళ్ళకి మెత్తలు. నా ఎదుట నేల మీద కూర్చుని పాదం కొలతలు తీసింది. బూటు లోపలి మెత్తని తొడుగు లాగేసి, ఉత్త డిప్పలో నా కాలు పెట్టించి, మడమ వెనక ఎంత చోటుందో టార్చ్ వేసి చూసింది. ఆ తర్వాత తొడుగు మళ్ళీ పెట్టి, బూటు తొడిగి, బకిల్స్ బిగించి, నిలబడమంది. కాలివేళ్ళు ముందు గోడకి తగులుతున్నాయా అని అడిగింది.

వేళ్ళు తగలడమంటే ఏమిటో నాకు తట్టలేదు. వాటిని అలా విడిగా ఎప్పుడూ పట్టించుకున్నవాణ్ణి కాదు. కొంచెం తగులుతున్నాయన్నాను. మోకాళ్ళు వంచితే వెనక్కి వస్తున్నాయా అంది. వస్తున్నాయన్నాను. కుడి బిగువా, ఎడమ బిగువా అంది. రెండూ ఒకటే అన్నాను. ఎంసెట్‌లో తెలియని ప్రశ్నలకి బిట్లు పెట్టినట్టు, ఆవిడ మొహం చూసి ఏది సరైన జవాబో దాన్నే పెడుతూ పోయాను. ఈ పరీక్ష తప్పితే కొండ మీదికి తీసుకెళ్ళరని నా భయం.

ఎదురు బెంచీ మీద ఒక కుర్రాడు కొత్త బూట్లలో కాళ్ళు ఇరుక్కుని బూతులు తిడుతున్నాడు. నేను చిరునవ్వుతో నిలబడ్డాను. ఈ విషయంలో నాకు మొదట్నుంచీ కాస్త గర్వం. మా తెలుగువాళ్ళంతా కలిసి మంచుకి వెళ్ళినప్పుడు అద్దె బూట్లు వేసుకుని అందరూ కుయ్యోమొర్రోమంటుంటే నేను మాత్రం కిక్కురుమనేవాణ్ణి కాదు. హవాయి చెప్పులతో ఎండల్లో ముదిరిన కాళ్ళండీ ఇవి, అనేవాణ్ణి. మా అమ్మాయి కూడా ఆ రోజు ఆవిడతో, మా డాడ్ చాలా టఫ్ అని చెప్పింది. నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఆవిడ మాత్రం నుదురు చిట్లించింది. నొప్పే లేదంటే వదులై ఉంటుంది, ఒక సైజు తగ్గిద్దాం అని ఇంకో పెట్టె తెచ్చి పక్కన పెట్టి, అంతలో ఎవరో పిలిస్తే కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. నాకు ఆగబుద్ధి కాలేదు. పెట్టె విప్పి నేనే బూట్లు తొడుక్కుని, వెనక మీట పైకి లేపి, కొట్టంతా తిరిగాను. కొండ ఏటవాలుగా ఉన్నట్టు అక్కడొక చెక్క వాలు కట్టి తివాచీ పరిచారు. దాన్ని ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. హాయిగా ఉంది. మా అమ్మాయి ఫోన్లో నన్ను వీడియో తీసింది. ఆ రెండు గంటల్లో తనని ఏమేం అడగాలో, ఏమేం అడక్కూడదో కూడా ఆలోచించుకున్నాను. "ఇదే ఖాయం చేద్దాం," అన్నాను.

విప్పడానికి తనే కూర్చుని సాయం చేసింది. కుడి బూటు గట్టిగా లాగింది. కాలితో పాటు లోపలినుంచి చిన్న పొట్లం ఒకటి జారి పడింది, కొత్త బూట్లలో తేమ పీల్చడానికి వేసే గింజల పొట్లం. చితికి, చిరిగి ఉంది. గింజలు తివాచీ మీద చెల్లాచెదురయ్యాయి. నా సాక్సు కొసన ఎర్రగా ఉంది.

సాక్సు తీసింది. చిటికెన వేలి గోరు సగం లేచి ఉంది. వేళ్ళ కింద పొట్లం అచ్చు చతురస్రంగా దిగిపోయి ఉంది.

"నాన్నా, ఇది హర్ట్ అవ్వలేదా?"

"ఏది?" అన్నాను. నిజంగానే అడిగాను.

బూట్లావిడ వచ్చి చూసింది. మెల్లగా, షుగర్ ఉందా అని అడిగింది. బోర్డర్‌లైన్ అన్నాను. మా డబ్లిన్ తెలుగువాళ్ళలో ఎవరిని అడిగినా చెప్పే జవాబే అది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో బొబ్బట్టు ప్లేట్లో వేసుకుంటూ ప్రతి మగాడూ అంటాడు, నాదింకా బోర్డర్‌లైనే అని. మాత్రల రంగులు మారతాయి గానీ ఆ మాట మారదు. ఆవిడ గాయానికి ప్లాస్టర్ తెచ్చి ఇచ్చింది. డాక్టర్‌కి చూపించాక రమ్మనీ, ఈ రోజుకి మాత్రం నాకు ఏ బూటూ అమ్మలేననీ చెప్పి, పెట్టె మూసి పట్టుకెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంటానని వచ్చినవాణ్ణి పొమ్మనే కొట్టు ప్రపంచంలో ఇదొక్కటేనేమో అనుకున్నాను. "పద, ఇంకో షాపుకి పోదాం," అన్నాను తెలుగులో.

"అక్కడ ఏం చెప్తావ్? కంఫర్టబుల్‌గా ఉంది అంటావ్. నీకు అన్నీ కంఫర్టబులే కదా." తను నా సాక్సు మడిచి పక్కన పెట్టింది. "లిఫ్ట్‌లో నా టోస్ ఫ్రీజ్ అయ్యేవి. నీకు ఎప్పుడూ అవ్వలేదు. నేను ఏడుస్తుంటే నువ్వు నవ్వేవాడివి, గుర్తుందా? ఎన్ని ఇయర్స్ నుంచి నాన్నా?"

ఎన్నాళ్ళ నుంచో నాకేం తెలుసు? నొప్పి వచ్చిన రోజు గుర్తుంటుంది గానీ రాని రోజు ఎవరికి గుర్తుంటుంది?

బేరం మొదలుపెట్టాను. మొత్తం ఎక్కొద్దు, సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేద్దాం అన్నాను. తల అడ్డంగా ఊపింది. అక్కడ కాలు గడ్డకడితే నీకు తెలీదు, నాకూ తెలీదు, అంది. పోనీ రిసార్ట్‌కే వెళ్దాం, పాత అద్దె బూట్లే వేసుకుంటాను అన్నాను. "రిసార్ట్ కూడా నో." పోనీ చిన్నపిల్లలు జారే చోటికి వస్తాను అన్నాను. పోనీ అసలు జారను, నీతో లిఫ్టు ఎక్కి, అదే లిఫ్టులో దిగిపోతాను అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. కూరల కొట్టు దగ్గర కూడా నేనెప్పుడూ అంతగా దిగజారి బేరమాడలేదు.

తను తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నా పాదం తన ఒడిలోకి లాక్కుంది. వెనక్కి తీసుకోబోయాను. కూతురి చేత కాళ్ళు ముట్టించుకోవడం మా ఇంట్లో లేదు. "ఆగు," అని గదిమింది. ఒక్కో వేలూ ముట్టుకుంటూ, "ఇప్పుడు ఏది?" అని అడిగింది. బొటనవేలు అన్నాను. మూడోది అన్నాను. చిటికెనవేలు అన్నాను. అన్నీ సరిగ్గా చెప్పాను. తన మొహం కాస్త తేటపడింది. నేను తన చెయ్యి ఎటు వెళ్తోందో చూసి చెబుతున్నానని ఇంకో నిమిషానికి కనిపెట్టింది.

"కళ్ళు మూసుకో నాన్నా."

మూసుకున్నాను. ఎదురు బెంచీ కుర్రాడు కౌంటర్ దగ్గర డబ్బు చెల్లిస్తూ నవ్వడం వినిపించింది. తలుపు తెరుచుకున్నప్పుడు చల్లగాలి మొహానికి కొట్టింది. అది బాగానే తెలిసింది. తను సరిగ్గా చెయ్యాలని ఆలోచిస్తోంది కాబోలు, ఏ వేలితో మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతోంది కాబోలు అనుకున్నాను. ఈసారి చూడకుండానే చెప్పి తీరాలని పంటి బిగువున ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ జరగలేదు.

"కానివ్వమ్మా, మొదలుపెట్టు," అన్నాను.



"ఎప్పుడో పట్టుకున్నా నాన్నా."

కళ్ళు తెరిచాను. నా అయిదు వేళ్ళూ తన గుప్పిట్లో ఉన్నాయి. తన గోళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉంది.