మామిడి తోపు కింద మాలిబ్డినం

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. నేను చూసిన పిల్లి, చెప్పేసరికి పులి అవుతుంది. నేను "వానొస్తోంది" అంటే మా ఆవిడ దండెం మీద బట్టలు తీయదు, పక్కింటావిడ అంటేనే తీస్తుంది. కాబట్టి ఇందులో కల్పించినది ఏదో చివర నేనే చెబుతాను. అంతవరకూ అంతా నిజమనుకుని చదవండి.

కరోనా సద్దుమణిగిన రెండేళ్లకు వచ్చిన ఎండాకాలం. తమిళనాడులోని ధర్మపురి నుంచి వెళితే, ఇండూరు అనే ఊరు దాటాక ఒక మెట్టపొలం. నేను జియాలజిస్టును, భూమి లోపల ఏముందో చెప్పడం నా పని. ఆ రాళ్లలో మాలిబ్డినం ఉందని అనుమానం. ఉక్కు గట్టిపడటానికి కలిపే లోహం అది. "క్రిటికల్ మినరల్" అంటారు, అంటే దేశానికి తప్పనిసరిగా కావాలి, మన దగ్గర చాలక బయటి నుంచి తెచ్చుకోవాలి. ఆ ఏడు ఎండ ఎలాంటిదంటే, మా జీపు కింది నీడ కోసం తొండలు క్యూ కట్టి, ముందొచ్చింది నేనంటే నేనని పోట్లాడుకునేవి.

మా రిగ్గు, అంటే భూమిని తొలిచే యంత్రం, దిగింది చెన్నమ్మ మామిడి తోపులో. ఆమెకు అరవై ఏళ్లుంటాయి, భర్త లేడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బావి ఎండింది, వేయించిన బోర్లూ ఎండాయి. చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. ఆ ఎండాకాలం తడి అందకపోతే తోపును కట్టెల అడితికి అమ్మడం తప్ప ఆమెకు దారి లేదు.

నేను తెలుగులో పలకరించేసరికి "సార్" కాస్తా "తమ్ముడు" అయిపోయాను.

"తమ్ముడూ, ఇది బోరు బండే కదా?"

"కాదక్కా, రాయి తీసే బండి. కోర్ డ్రిల్లింగ్ అంటారు. లోపలి రాయిని చెరకు గడలాగా గుండ్రంగా కోసి పైకి తీస్తాం."

"భూమిని తొలిచేదే కదా? తొలిస్తే నీళ్లు రావా?"

"మాకు నీళ్లతో పని లేదక్కా."

"మీకు లేకుంటే పోనీ, నాకుండాది," అని వెళ్లి టెంకాయ, నిమ్మకాయలు, కర్పూరం తెచ్చింది.

అక్కడి తెలుగు ఇళ్లలో బోరు వేసేటప్పుడు ఇంటి ఆడమనిషి పసుపు పూసిన కొత్త కుండతో బండి పక్కన కూర్చుంటుంది. మొదటి నీళ్లు కుండలో పట్టాలని పట్టింపు. చెన్నమ్మ కూర్చుంది. మా డ్రిల్లర్ సెల్వం రిగ్గు స్టార్టు చేశాడు. సెల్వం మీసం గురించి చెప్పాలి. ఒక కొన ఇండూరులో ఉంటే రెండో కొన కారిమంగళం సంతలో బేరమాడుతూ ఉండేది.

మా పనిలో రాయిని కోసే బిట్టు వేడెక్కకుండా రాడ్ల గుండా ట్యాంకరు నీళ్లు లోపలికి పంపుతాం. అవే బురదగా తిరిగి పైకి వస్తాయి. కాసేపటికి వచ్చాయి. చెన్నమ్మ కుండ నింపుకుని "గంగమ్మ వచ్చినాది!" అని కేకపెట్టింది. ఆ కేకకు హొగెనకల్ జలపాతం ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గింది. ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

సెల్వం తల గోక్కున్నాడు. "అక్కా, అవి మేము పోసిన నీళ్లే. దుడ్లిచ్చి తెచ్చిన ట్యాంకరు నీళ్లు."

"ఏమే చెన్నీ, గంగమ్మ లారీ ఎక్కి వచ్చినాదా?" అన్నాడు ఒక ముసలాయన. అందరూ నవ్వారు, చెన్నమ్మ కూడా. కానీ కుండను ఊరికే పారబోయలేదు. తీసుకెళ్లి ఒక చెట్టు మొదట్లో పోసింది.

కొన్ని వారాల తర్వాత సెల్వం పంపు ఆపి నన్ను పిలిచాడు. లోపలికి పంపిన దానికంటే ఎక్కువ నీళ్లు వస్తున్నాయి. రాతి పగుల్లో ఊట తగిలింది. ఆ పగులు పక్కనే, రాయిలో సీసంలా మెరుస్తూ మాలిబ్డినం. సన్నని గొట్టం ముక్కకు తాడు కట్టి దించితే తేటనీరు పైకొచ్చింది. నేనే పరిగెత్తాను.

"అక్కా, నీళ్లు!"

"పో తమ్ముడూ. మళ్లీ లారీ నీళ్లా?"

"ఒట్టు. నీ నేల నీళ్లే."

వచ్చి దోసిట్లో పట్టి చూసింది. చాలాసేపు చెయ్యి తుడుచుకోలేదు. "బొక్క సన్నం, మోటారు దిగదు. కంప్రెసరు పెడితే ఎక్కుతాయి కదా?"

"ఎక్కుతాయి."

"అయితే మూయొద్దు. రాయి మీరు ఎత్తుకొని పోండి, బొక్క నాకిడిసిపెట్టండి."

పని అయిన బొక్కను సిమెంటుతో పూడ్చాలి, ప్లగ్గింగ్ అంటారు. నేను పై ఆఫీసుకు ఫోన్ చేశాను. మా పెద్దసారుది చల్లని గొంతు, ఆయనతో మాట్లాడితే ఫోను మీద మంచు పేరుకునేది.

"మాలిబ్డినం రాయిలోంచి వచ్చే నీళ్లు. ఆవులు తాగి ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?"

"పరీక్ష చేయిద్దాం సార్."

"మంచి నీళ్లని తేలితే ఇంకా చిక్కు. అక్కడ గని వద్దంటారు. పూడ్చండి. గని వచ్చాక ఆమెకు తోపెందుకు?"

పూడ్చాం. సిమెంటు పాలు పోస్తుంటే చెన్నమ్మ గట్టు మీద నిలబడి "బాగా బిగించండి తమ్ముడూ, ఆ రాయి లేచి పారిపోతాది" అంది. అందరం పకపకా నవ్వాం.

తర్వాత ఆ రాయికి మార్కెట్ వెతికే పనీ నాకే అప్పగించారు. కోర్ ముక్కలు సంచిలో వేసుకుని తిరిగాను. ఉక్కు చేసేవాళ్లు "రాయి మాకెందుకు, శుద్ధి చేసిన సరుకు తెండి" అన్నారు. శుద్ధి చేసేవాళ్లు "గని ఏది?" అన్నారు. గని పెట్టేవాళ్లు "ఆఫ్‌టేక్ ఏది?" అన్నారు. ఆఫ్‌టేక్ అంటే తవ్వకముందే "మేం కొంటాం" అని కొనేవాడు ఇచ్చే ఒప్పందం. ముగ్గురూ ఒకరి వీపు ఒకరు చూస్తూ గుండ్రంగా నిలబడ్డారు, మధ్యలో నేను. ఆ సంచి మోసి నా కుడిభుజం జానెడు దిగింది, మా దర్జీ ఇప్పటికీ నా చొక్కాలు వంకరగానే కుడతాడు. అక్కడ తవ్వే హక్కును వేలం పెడితే ఎవరూ రాలేదు.

మరుసటి ఏడు ఆ దారిన వెళ్లాను. తోపు లేదు, మొదళ్లున్నాయి. చెన్నమ్మ ఎవరి టమాటా తోటలోనో కూలి చేసి అప్పుడే వచ్చింది.

"రాయి అమ్ముడుపోయినాదా తమ్ముడూ?"

"లేదక్కా."

"నేలన్నా అమ్ముదామంటే, కింద రాయుండాదంట, రేపు గవర్నమెంటు ఎత్తుకుంటే ఎట్లని కొనేవాళ్లు పోయినారు. సెరి, కూసో. టీ తాగిపో."

కొనేవాడు లేనంతకాలం ఖనిజం కూడా రాయే. దాని పేరు పైకి వచ్చిందంటే ఆ పైన బతికేవాళ్ల మీద బండ పడినట్టే. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే, దీనితో ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. ఇప్పుడు మా రిగ్గు పిక్కిలి అనే ఇంకో ఊరి వైపు వెళుతోంది. అక్కడ కూడా ఎవరో టెంకాయ కొని పెట్టుకునే ఉంటారు.

ఇక నా అబద్ధం. సెల్వం మీసం, తొండల క్యూ మీరే తగ్గించుకుని ఉంటారు, అవి లెక్కలోవి కావు. నేను కల్పించింది పూడ్చిన రోజు చెన్నమ్మ వేసిన హాస్యం. ఆమె అలా అనలేదు, మేమెవరం నవ్వలేదు. ఆ రోజు ట్యాంకరు రాలేదు. బొక్కలో నీళ్లున్నాయి గానీ, తోడే పంపు అప్పటికే లారీ ఎక్కింది. సిమెంటు కలపడానికి నీళ్లు చాలక సెల్వం ఆమె వాకిట్లో నిలబడి అడిగాడు. పొలంలో పనిచేసే మనిషి నీళ్లడిగితే లేదనడం ఆ ఇళ్లలో లేదు. చెన్నమ్మ తాగే నీళ్ల డ్రమ్ములోంచి ముంచి, పసుపు పూసిన ఆ కుండతోనే మోసుకొచ్చి, సిమెంటులో తానే పోసింది.