సారు అల్మారాలో బోరు నీళ్లు

మా సారు పోయారని శుక్రవారం పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. "సరేనమ్మా" అన్నాను. తర్వాత షెడ్డు తాళం తీసి, రోజూ రాసే పుస్తకంలో గది వేడి ఎంతుందో రాసుకున్నాను. ఆ అలవాటు చేసింది ఆయనే.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక ఆయన కల్వకుర్తి శివారులో వేపనూనెతో పురుగుమందు చేసే మా చిన్న షెడ్డుకు వచ్చారు. పదో తరగతి దాటని నేను డ్రమ్ముల్లో మందు కలిపేవాణ్ణి. నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే ఎమల్సిఫైయర్ సరిగ్గా కుదిరితే మందు పాలలా కాక, తేనెలా తేటగా వస్తుంది. దాన్ని మైక్రోఎమల్షన్ అంటారని, అందులో నూనె చుక్కలు వెలుతురుకు అడ్డం రానంత చిన్నవని ఆయనే చెప్పారు. సీసా వెనక పేపరు పట్టుకుని చదివేవారు. అక్షరాలు కనబడ్డాకే చాయ్.

"నూనె, నీళ్లు పొలం పంపకంల కొట్లాడుకునే పాలోళ్లయ్యా. నడుమ కూసున్న పెద్దమనిషి ఎసొంటోడో, పంచాయితీ గట్లనే ఉంటది" అనేవారు.

ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు ఎమల్సిఫైయర్ అయిపోతే నేను సబ్బు జాతిది వేశాను. మందు తేటగానే వచ్చింది. నీళ్లలో వేసి చూస్తే బాగానే కలిసింది. ఒక పత్తి రైతుకు ఇచ్చాను. మరునాడు, సారు తిరిగొచ్చిన పూటే, అతను మందు కొట్టే పంపు భుజాన వేసుకుని వచ్చాడు. లోపల తెల్లని తరకలు. నాజిల్ మూసుకుపోయింది.

"పత్తికి మందిచ్చిన్రా, పెరుగిచ్చిన్రా సారూ? పది సాళ్లు కొట్టిన, ఆకు మీద నూనె పడి మాడుతాంది. నాలుగెకరాల్ల పురుగుంది. పంట పోతే నా గతేంది?"

సారు ఆ తరకల్ని వేలితో తీసి చూశారు. "ఏ నీళ్లల్ల కలిపి చూసినవయ్యా?" అని మాత్రం అడిగారు.

మూలనున్న తాగే నీళ్ల క్యాను చూపించాను. మా బోరు నీళ్లు నోట పెట్టలేం. షెడ్డులో అన్నిటికీ క్యాను నీళ్లే.

"రైతు క్యాను కొనుక్కొచ్చి పత్తికి కొడతడా?"

రైతు నవ్వాడు, కోపం మీదే.

"సబ్బు పెద్దమనిషికి గీ ఉప్పు నీళ్లు, సున్నం నీళ్లు పడయి. ఇరిగిపోతడు. మన పాత పెద్దమనిషికి నీళ్ల ఫికర్ లేదు గని, ఎండ పడది. వేడికి తెల్లబడి, సల్లబడితె మల్ల తేటయితడు. ఎవనికేది పడదో ఎరుకుంటె సాలు."

తర్వాత రైతు వైపు తిరిగి, "తప్పు నాది" అన్నారు. నాది అని నేను చెప్పేలోపే అన్నారు.

ఆ పూట ముగ్గురం పది సాళ్ల ఆకులూ కడిగాం. సారు పాత రకం ఎమల్సిఫైయర్ తెప్పించి, ఆ రైతు బోరు నీళ్లలోనే పరీక్షించి కొత్త మందు ఇచ్చారు. రెండు సాళ్లు పోయాయి. మిగతా చేను నిలబడింది.

ఆనాటి నుంచి మందుకు వచ్చే ప్రతి రైతూ తన బోరు నీళ్లు ఒక సీసాలో తేవాల్సిందే. సారు దాని మీద ఊరి పేరు రాసి అల్మారాలో పెట్టేవారు.

నిన్న ఆయన చేతి చివరి మందు సీసాను తెరిచిన ఆ అల్మారా ముందు, కిటికీ ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి మబ్బు పట్టినట్టు తెల్లబడింది. తీయలేదు. పొద్దు వాలి చల్లబడేసరికి మెల్లగా తేటపడింది. దాని వెనక, బోరు నీళ్ల సీసా మీద ఆయన రాసిన ఊరి పేరు ఒక్కో అక్షరమే కనబడింది.