పోలమ్మ భయం

మైపాడు ఒడ్డున ఎండుచేపలు తిరగేసే పోలమ్మ, ఎదురైనవాళ్ల మొహంకంటే ముందు పాదాలు చూస్తుంది. పడవ మేకు కాల్లో దిగినప్పుడు ఆమె మొగుడు ఏకాంబరం, "టీటీ సూది కడుపుతో ఉండే ఆడోళ్లకు గదా, నాకెందుకే?" అని నవ్వేశాడు. పక్షం తిరక్కుండానే దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగి ప్రాణం వదిలాడు.

మొన్న కొడుకు దేశయ్య రొయ్యల గుంటలో తుప్పు రేకు తొక్కి, ఇంట్లో చెప్పకుండా గుడ్డ చుట్టుకున్నాడు. వాడు కుంటడం చూసి పోలమ్మ ఆరోగ్యకేంద్రానికి ఈడ్చుకుపోయింది. నర్సు గంగాభవాని "టీడీ వేస్తా" అనగానే పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"టీటీనే ఎయ్యమ్మా, ఇంకోటి వద్దు."

"ఇప్పుడు దాని బదులు ఇదే వస్తా ఉందక్కా. ధనుర్వాతంతో పాటు, గొంతు మూసుకుపోయే కంఠసర్పినీ ఆపుతుంది. చిన్నప్పుడు వీడికి టీకాలు ఏయించినావా?"

"లేదు తల్లీ."

"అయితే ఇదొక్కటే చాలదు. ఇది పనిచేసేదానికి వారాలు పడుతుంది. విషాన్ని ఇప్పుడే విరిచే సూదిమందు ఇంకోటుంది. అది ఇక్కడ లేదు, నెల్లూరికి పోండి."

నెల్లూరులో ఆ మందూ పడింది. "ఇంక భయం లేదా సార్?" అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ రోజు నుంచి పోలమ్మ తెల్లారగానే కొడుకుని లేపి, "నోరు తెరువురా" అంటోంది. పెళ్లయిన మగాడు, పెళ్లాం చూస్తుండగానే, చంటిబిడ్డలా నోరు తెరుస్తున్నాడు.