వాగులోంచి వచ్చినవాళ్ళు

మా మావయ్య పోయాడన్న కబురు నాకు కాలినడకన వచ్చింది. సిపాయిలు మళ్ళీ దేశాన్ని పట్టుకుని ఫోన్లలో ఇంటర్నెట్ కోసేశారు, మామూలు కాల్ కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. రంగూన్ రేవు పక్క పేట సేక్కాన్‌లో ఆయన పక్కింటి బర్మా ఆవిడ, వీధులకి అడ్డంగా పేర్చిన ఇసక బస్తాలు దాటుకుంటూ మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి "సయా పోయారు" అంది. మెకానిక్కుని ఇక్కడ సయా అనే పిలుస్తారు, అంటే గురువు అని. పొద్దున్నే టీ తాగి, రేడియో పెట్టుకుని, అందులో మాట్లాడుతున్న పెద్దమనిషిని ఓ తిట్టు తిట్టి, కుర్చీలోనే వాలిపోయాడట. ఏం తిట్టాడని నేను అడగలేదు. నాకు తెలుసు.

"వాగులోంచొచ్చినోడు." ఆయన నోట అంతకన్నా పెద్ద తిట్టు లేదు. లంచమిచ్చి పర్మిట్ తెచ్చుకున్నవాడు, మావగారి పేరు చెప్పి ఆఫీసరైనవాడు, ఓట్లతో పని లేకుండా సంఘం కుర్చీ ఎక్కినవాడు, తుపాకీ పట్టుకొచ్చి దేశం నాదన్నవాడు, అందరూ ఆయన దృష్టిలో వాగులోంచి వచ్చినవాళ్ళే. మనిషిని పైనుంచి కిందకి ఓసారి చూసి, కిళ్ళీ ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చి, ఆ మాట అనేసి మళ్ళీ పనిలో పడేవాడు. ఆ తిట్టు ఎక్కడ పుట్టిందో చెబితే తప్ప ఆయన ఎలాంటివాడో మీకు తెలీదు.

మా అమ్మకి సొంత అన్న. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చారు. మావయ్య బస్తాలు మొయ్యలేదు, రేవు పక్కనే షెడ్డు వేసుకుని జీపులు బాగుచేశాడు. అప్పట్లో ఈ దేశం తలుపులన్నీ బిగించుకుని కూర్చుంది. కొత్త బండి అన్నది కంటికి కనబడేది కాదు. యుద్ధంలో తెల్లవాళ్ళు వదిలేసిపోయిన జీపులనే అతుకు మీద అతుకేసి నడిపేవారు. మా నాన్నదీ అలాంటి జీపే. ఏటి అవతల దలా నుంచి వచ్చి పడవ దిగిన జనాన్ని బజారుకి చేర్చేవాడు. టైర్లు అరిగి లోపలి నూలు బయటపడిందంటే బండి ఇంటిముందు కూర్చునేది, మేం గంజితో సరిపెట్టుకునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ఏటా ఎండల్లో, ఎగువన మగ్వే ఊరి అవతల జీపుల పందెం జరిగేది. రంగూన్ మనుషులం దాన్ని ఎడారి అనేవాళ్ళం. చూపు ఆనినంత మేర ఇసక, ముళ్ళ తుప్పలు, అక్కడక్కడ తాటిచెట్లు. పందెం నడిపేది ఓ కమిటీ. గంజి పెట్టిన చొక్కాలు, నల్ల కళ్ళద్దాలు. ఆసుపత్రి బండికి దొరకని పెట్రోలు వీళ్ళ సరదాకి పీపాలతో వచ్చేది. వాళ్ళ పేర్లు రాయను. భయపడి కాదు, మావయ్య గురించి రాస్తున్న కాయితం ఎంగిలైపోతుందని.

వెదురు కర్రలకి గుడ్డపీలికలు కట్టి దారి గుర్తు పెట్టేవారు. ఆ దారి పెద్ద చుట్టు తిరిగి, తాటితోపు దగ్గర మలుపు తీసుకుని వెనక్కి వచ్చేది. మలుపులో గేటు. ప్రతి జీపూ అక్కడ ఆగాలి, గేటు మనిషి బోనెట్ మీద గుర్తు పెట్టాలి, అప్పుడే కదలాలి. ఎండిపోయిన వాగొకటి ఆ చుట్టుకి అడ్డంగా పోతుంది. అందులోకి దిగిపోతే మలుపూ లేదు, గేటూ లేదు, సగం దారి కలిసొస్తుంది. అలా రాకూడదనే గేటు పెట్టారు. ఆ గేటు మనిషి మా మావయ్య.

రంగు డబ్బాలు దొరకని కాలం కదా, కమిటీవాళ్ళు నూనెలో కలిపిన కుంకం ఇచ్చేవారు. బోనెట్ మీద ఎర్రటి చుక్క పెట్టమన్నారు. మావయ్యకి అది నచ్చలేదు. "పసుపు లేకుండా బొట్టేటి? బండంటే మనకి అన్నం ఎట్టే తల్లి" అని, ముందు తడిపసుపు రాసి, దానిమీద కుంకం పెట్టేవాడు. కుంకం చుక్క పెద్దది, పసుపు దానికిందే ఉండిపోయేది. చూసేవాళ్ళకి ఎరుపే కనిపించేది. కమిటీకి తెలీదు. మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

ఆ ఏడు మొదటి బహుమానం నాలుగు కొత్త టైర్లు, రెండోది రెండు టైర్లు. కొత్త టైరు వాసన ఎలా ఉంటుందో కూడా మర్చిపోయిన రోజులవి. నాన్న జీపు పందేనికి పేరిచ్చాడు. అమ్మ బండి చక్రాలకి పసుపు కుంకాలు పెట్టి, దారిలో మంచి జరగాలని తన బరిణెని చీరముక్కలో చుట్టి నాన్న సీటు పక్కన పెట్టింది. ఆ టైర్లు వస్తే వానాకాలం బండి నడుస్తుంది, పిల్లలకి అన్నం ఉంటుంది. అమ్మ కోరుకున్నది అంతే.

మొదట వచ్చింది ఓ పెద్ద అధికారి కొడుకు. ఇసకంతా నెత్తిమీద పోసుకుని రావాల్సినవాడు తలదువ్వుకున్నట్టు వచ్చాడు. రెండోది మా నాన్న. చాలాసేపటికి మూడోవాడు వచ్చాడు, ఓ బర్మా బడిపంతులు. రేడియేటర్ కారిపోతూ, కళ్ళల్లో కూడా ఇసకతో. మావయ్య గేటు కట్టేసి వచ్చేసరికి అధికారి కొడుకు మెళ్ళో దండ పడిపోయింది.

మావయ్య ఆ జీపు దగ్గరకెళ్ళి, బొటనవేలితో బోనెట్ మీద ఎరుపుని రుద్దాడు. కింద ఖాళీ రేకు.

"ఈ బాబు నా గేటుకి రాలేదండి" అన్నాడు. "నేను పసుపెట్టకుండా కుంకం ఎట్టను. కావలిస్తే పంతులుగారి బండి సూడండి."

చూశారు. ఎరుపు కింద పసుపు. కమిటీ మొహాలు మాడిపోయాయి. అధికారి కొడుకు "ఈ కలామాడు చెప్పేదేమిటి" అని ఎగిరాడు. మనవాళ్ళని ఇక్కడ అలాగే తీసిపారేస్తారు. అంతలో ఎవరో వెళ్ళి నాన్న జీపు మీద రుద్దారు. చక్కగా పసుపు బయటపడింది. పందెం చూడ్డానికి వచ్చిన మనవాళ్ళు ఈలలేశారు. నాలుగు టైర్లు మావే అనుకున్నారు.

మావయ్య నాన్న వైపు చూశాడట. నాన్న కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ ఉండిపోయాడట.

కమిటీ పెద్ద మావయ్యని పక్కకి తీసికెళ్ళాడు. ఏమనుకున్నా వాడికి బేరం తెలుసు. "సయా, ఆ అబ్బాయి మీ గేటుకి వచ్చాడు, మీరు తొందరలో పసుపు మర్చిపోయారు. ఆ మాటొకటి చెప్పండి. మీ బావకి రెండు టైర్లొస్తాయి. మీ చెల్లెలు సంతోషిస్తుంది. ఎవరికీ నష్టం లేదు" అన్నాడు.

మావయ్య వెనక్కొచ్చి అందరి ముందూ చెప్పాడు. "బొట్టు బాగా ఎట్టాడు మా బావ. మా చెల్లి చేతి పసుపే. కానీ ఎట్టింది నేను కాదు. ఆడూ రాలేదు, ఈడూ రాలేదు. ఇద్దరూ వాగులోంచొచ్చారు. నా గేట్లో ఆగి, నా కుండలో నీళ్ళు తాగి ఎల్లినోడు పంతులుగారే."

సొంత బావని అలా ఎవరైనా పట్టిస్తారా? ఇది కమిటీకి ఊహకందలేదు. లంచం తీసుకునేవాణ్ణి అర్థం చేసుకోగలరు, చుట్టానికి సాయం చేసేవాణ్ణి అర్థం చేసుకోగలరు. రెండూ కానివాడు వాళ్ళకి పిచ్చివాడిలా కనిపించాడు. కాసేపు గుసగుసలాడి తీర్పు చెప్పారు. ఎవర్ని అనర్హుణ్ణి చేశారనుకుంటున్నారు? గేటు మనిషిని! చూపు సరిగా ఆనని మనిషి మాట చెల్లదన్నారు, పందెం రద్దన్నారు. టైర్లు కమిటీ దగ్గరే భద్రంగా ఉంటాయన్నారు. వానలు పడేసరికి ఆ నాలుగు టైర్లూ అధికారి కొడుకు జీపు కింద భద్రంగా తిరుగుతున్నాయి. థూ, ఏం బతుకులవి! నలుగురూ చూస్తుండగా తిని మూతి తుడుచుకునే బతుకులు.

ఇంటికొచ్చి నాన్న ఒకటే పాట. "నేను గేటుకెళ్ళాను. మీ అన్న దొరలకి బయపడి నన్ను కూడా ముంచాడు." అమ్మ సీటు పక్కనుంచి బరిణె తీసి లోపల పెట్టుకుంది. మర్నాడు మావయ్య వచ్చి వీధిలో నిలబడితే, "మా పిల్లల నోటికాడ కూడు తీసేసినోడివి. ఏ మొకం ఎట్టుకునొచ్చావు?" అని తలుపేసేసింది. మావయ్య కిళ్ళీ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆ తలుపు ఆయనకి తెరుచుకోలేదు.

కానీ ప్రతి వానాకాలం ముందూ మా వాకిట్లో అతుకులేసిన టైర్లు ఉండేవి. పాత లారీ టైరు ముక్కలు కోసి, లోపల వేసి, బలంగా కుట్టినవి. ఆ కుట్టు రంగూన్‌లో ఇంకెవరికీ రాదు. నాన్న వాటిని బిగించుకుని బండి తోలేవాడు. ఒక్కరోజు కూడా థాంక్స్ అనలేదు. మా నాన్న గురించి నేను ఇంతకన్నా మంచిమాట రాయలేను. రాయను కూడా.

ఎనభై ఎనిమిదిలో సిపాయిల రాజ్యం పోవాలని జనం వీధుల్లోకొచ్చారు. మావయ్య మొదటిరోజు నుంచీ ఊరేగింపులో నడిచాడు, కాళ్ళు బొబ్బలెక్కేలా. తుపాకులు పేలిన రోజునా ఉన్నాడు. కొన్నాళ్ళకి సిపాయిలు బ్యారక్కుల్లోకి వెళ్ళిపోయారు, గెలిచేశాం అనుకున్నారు అంతా. ఆ వారం ఆ కమిటీ పెద్ద ఊరేగింపువాళ్ళలాగే నుదుటికి ఎర్రగుడ్డ కట్టుకుని, పక్క సందులోంచి వచ్చి ఊరేగింపు ముందు వరసలో దూరాడు. మావయ్య నా భుజం తట్టి, "అదిగో సూడే గుంటా, ఇక్కడికీ వాగులోంచే వొచ్చాడు" అని పగలబడి నవ్వాడు. సిపాయిలు తిరిగొచ్చాక ఆ పెద్దమనిషి ఎర్రగుడ్డ ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఆయన మాత్రం మళ్ళీ ఇస్త్రీ చొక్కాలోనే కనిపించాడు.

పెద్దయ్యాక నేను ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చేరాను. సెలవురోజు షెడ్డుకెళ్ళి కూర్చునేదాన్ని. ఓసారి అడిగేశాను. "మావయ్యా, నాన్న బొట్టుని ఎవడూ పట్టుకోలేడు కదా. నువ్వు నోరు మూసుకుంటే అమ్మ నీతో మాట్లాడేది. ఏం మిగిలింది నీకు?"

చేతిలో పని ఆపలేదు. "నాకేటి మిగలాలే? ఎండలో అంత దూరం తిరిగి నా దగ్గరకొచ్చినోడొకడున్నాడు. ఆణ్ణి ఎనక్కి నెట్టి, రానోణ్ణి వొచ్చాడంటానా?" అన్నాడు. టైరు కుట్టు ముడేసి, దారం తెంపి, "మీ అమ్మ మాటాడితే బాగుండునే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మకి చెప్పాను కూడా. విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

ఆయన పోయాక మన తెలుగువాళ్ళ సంఘం పెద్దలు ఇద్దరు వచ్చారు. నిజాయితీకి మారుపేరు, జాతిరత్నం, అంటూ ఏవేవో అన్నారు. ఆయన్ని గేటు నుంచి గెంటేసిన రోజున, దొరలతో మనకెందుకని ఆయన షెడ్డుకి వెళ్ళడం మానేసిన మనుషులు వీళ్ళు. సిపాయిలున్నారు కదా, శ్మశానం దాకా రాలేమన్నారు. రావద్దనే చెప్పాను. టీ కూడా ఇవ్వలేదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు నుంచీ అమ్మ పసుపు కుంకాల జోలికి వెళ్ళలేదు. శవాన్ని తీసికెళ్ళే బండి వచ్చాక, వాకిట్లో చూస్తే అమ్మ లేదు. లోపల్నుంచి పాత బరిణె పట్టుకుని వచ్చింది. అరచేతిలో నీళ్ళు పోసి పసుపు తడిపింది. బండి బోనెట్ మీద రాసింది. దానిమీద కుంకం పెట్టింది. చావు బండికి ఇదేం పని అని ఎవరో గొణిగారు. అమ్మ తల తిప్పలేదు.

డ్రైవరు కుర్రాడు బర్మావాడు. "అమ్మా, ముందు సిపాయిల గేటుంది, తుపాకులతో ఉన్నారు. ఈ సందులోంచి తప్పించుకు పోవచ్చు" అన్నాడు.

"ఒద్దు. చుట్టూ తిరిగి ఎల్లు. గేట్లో ఆగి ఎల్లు" అంది అమ్మ బర్మాలో. బండిలో నా పక్కన కూర్చుని, మావయ్య ముసుగు మీద చెయ్యేసి, మన భాషలో చెప్పింది. "మీ నాన్న గేటుకెళ్ళలేదే. బరిణె ఇంటికొచ్చినప్పుడు మూతంతా తడిపిన పసుపు ఎండి అంటుకునుంది. ఆ రోజే తెలుసు నాకు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"టైర్లు కావాలనుకున్నానే" అంది.

ఇసక బస్తాల మధ్య గేటు. మీసాలు కూడా సరిగా రాని సిపాయి ఒకడు చెయ్యెత్తాడు. బండి ఆగింది. వాడు చుట్టూ తిరిగి చూసి, ముందుకొచ్చి, బోనెట్ మీద ఎర్రటి చుక్క దగ్గర ఆగాడు. రక్తమనుకున్నాడో ఏమో, బొటనవేలితో రుద్దాడు. ఎరుపు చెరిగింది. కింద పసుపు, ఇంకా తడిగానే ఉంది. వాడు వేలు చూసుకుని, ప్యాంటుకి తుడుచుకుని, వెళ్ళమని చెయ్యూపాడు.