తనిఖీకి మాత్రమే మంచి గొట్టం

1988. రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలుకట్ట పక్కన నాదొక మెకానిక్ షెడ్డు. బర్మా దేశం తలుపులేసుకుని కూర్చుంది. కొత్త బండ్లు రావు, విడిభాగాలు అసలే రావు. అందుకని జనం యుద్ధకాలం నాటి జీపు ఛాసిస్ ఒకటి సంపాదించి, దానిమీద ఏదో వ్యాను ఇంజను కూర్చోబెట్టి, చుట్టూ రేకు కట్టి కారు అనేవారు. మా అక్క మొగుడు దానియేలు బావ కూడా అలాంటిదొకటి కట్టాడు. చిమిండైంగ్ బజారుకి మనుషుల్ని తిప్పి ఇల్లు గడుపుకోవాలని ఆయన ఆశ.

అది రోడ్డెక్కాలంటే ఇన్‌స్పెక్షన్ పాసవ్వాలి. బ్రేకులతో పాటు ఫ్యూయల్ లైన్ కూడా చూస్తారు. అంటే టాంకు నుంచి ఇంజనుకి పెట్రోలు మోసే గొట్టం. ఛాసిస్ వెంట రాగి పైపు వేసి, సైలెన్సర్‌కి ఎడంగా క్లిప్పులు బిగించాను. చిక్కంతా చివరి మూరెడు దగ్గరే. ఇంజను ఊగుతుంది, ఊగితే రాగి పగులుతుంది, కాబట్టి అక్కడ మెత్తటి హోస్ కావాలి. నీళ్ళ రబ్బరయితే పెట్రోలుకి ఉబ్బిపోతుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ గొట్టం వేడికి వదులై జారిపోతుంది. ఓడలో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చిన అసలైన ఫ్యూయల్ హోస్ ముక్క నా దగ్గర ఒకటే ఉంది. అదే వేశాను.

బావకి నచ్చలేదు. “ప్లాస్టిక్‌దయితే లోపల పెట్రోలు కనపడతాది గదేటి. దొంగ బజారు సరుకు, నీల్లు కలిపినారో లేదో తెలుస్తాది.”

“కనపడితే ఏటి లాభం బావా? జారిందంటే మంటే. ఇది మాత్రం ఇప్పకు.”

“సరేలే, ఇప్పను.”

బండి పాసయింది. మా ఊళ్ళో ఇంకో అలవాటుంది. తనిఖీ రోజున మంచి టైర్లు, మంచి లైట్లు ఒకరి బండి నుంచి ఒకరి బండికి తిరుగుతాయి, పెళ్ళికి నగ అరువిచ్చినట్టు. బావ తనిఖీకి టైర్లిచ్చింది పక్కింటి కో ట్విన్. తన బండి వంతు దగ్గరపడగానే అతను హోస్ అడిగాడు. మొహమాటానికి పోతే కడుపయిందన్నట్టు, బావ కాదనలేక విప్పి ఇచ్చేసి, ప్లాస్టిక్ ముక్క తగిలించుకున్నాడు. తిడతానని నాకు చెప్పలేదు.

ఇంతలో ఆగస్టు వచ్చింది. సైనిక ప్రభుత్వం దిగిపోవాలని వీధుల నిండా జనం, ఆ వెనకే సైన్యం కాల్పులు. ఆఫీసులు మూతపడ్డాయి. కో ట్విన్ బండి తనిఖీకి వెళ్ళనే లేదు, హోస్ వెనక్కి రానూ లేదు.

ఒక మధ్యాహ్నం తూటాలు తగిలిన ఇద్దరు విద్యార్థుల్ని జనం తెచ్చి బావ బండిలో పడుకోబెట్టారు. ఆస్పత్రి దారంతా గుంపులు. బండి ఆగి ఆగి కదులుతుంటే ఇంజను సెగలు కక్కింది. ప్లాస్టిక్ జారిపోయి పెట్రోలు ఎర్రగా కాలుతున్న సైలెన్సర్ పైపు మీద పడి భగ్గుమంది. బావ ఒకణ్ణి బయటికి లాగేశాడు. రెండోవాడి కోసం మంటలోకి చేతులు పెట్టాడు గాని అందలేదు. వాడికి తూటా తగిలింది కాలికే. బండి అంటుకోకపోతే బతికేవాడు.

ఊరు సద్దుమణిగాక బావని చూడ్డానికి వెళ్ళాను. రెండు చేతులకీ కట్లు. అప్పుడు గాని గొట్టం సంగతి నాకు చెప్పలేదు.

“ఆ పిల్లోడి అమ్మ వొచ్చిందిరా,” అన్నాడు. “నా కొడుకు కోసం సేతులు కాల్సుకున్నావు బాబూ అని నాకు దండం ఎట్టింది.”

“నిజం సెప్పీసినావేటి?”

“నానేటి సెప్పాలి?”

చెడామడా తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ చేతులు చూసి ఏడ్చేశాను.

తనిఖీ చేసేవాడు బండిని ఒక్క పూట చూస్తాడు. పెట్రోలు ఆ గొట్టంలో రోజూ పారుతుంది. ఈ మాట ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. తనిఖీ కోసమని ఏ భాగమూ నా షెడ్డు నుంచి అరువు వెళ్ళలేదు. పిసినారోడన్నారు, అననిచ్చాను.

ఆ తల్లి ఏటా కొడుకు పేరు మీద బౌద్ధ సన్యాసులకి భోజనం పెట్టేది. ఆ రోజు బావకీ ఒక క్యారేజీ పంపేది. అక్క వడ్డించి ముందు పెట్టేది. ఆయన ఆ కంచం ముందు తలొంచుకుని కూర్చునేవాడు గాని, బతికున్నన్నాళ్ళూ అందులో ఒక్క ముద్ద తినలేదు.