కరెంటోని ఇంట్ల కిరాయి కరెంటు

నేను లైన్‌మన్‌గ పనిచేసి దిగిపోయినోన్ని. బూర్గంపాడు నుంచి అడివంచు ఊర్లకు పోయే లైన్లల్ల నేనెక్కని స్తంభం తక్కువ. ఏ మలుపుకాడ టేకు కొమ్మ తీగెకు తగుల్తదో, ఏ ఊర్ల జంపరు తీగె ఊకూకె కాల్తదో ఇప్పటికీ చెప్పగల్త. గందుకే మా ఇంటికి సోలారు పెట్టే ముచ్చట మొదలైనప్పుడు నాకు నామోషీ అనిపించింది. లైన్‌మన్ ఇంటికే కరెంటు నమ్మకం లేదంటే ఊరోళ్లు ఏమనుకోవాలె?

కని పెట్టక తప్పలేదు. నా భార్య చిన్నప్పటి సంది పొగాకు బ్యారన్ల కాడ కూలికి పోయింది, ఆకు కాల్చే పొగల పెరిగింది. పెండ్లయినంక కట్టెల పొయ్యి. ఎన్నడూ ఒక్క చుట్ట తాగని మనిషికి ఊపిరితిత్తులు చెడిపోయినయి. భద్రాచలం దవాఖానాల ఇరవై రోజులు పెట్టుకొని, ఇంటికి ఆక్సిజన్ మిషను ఇచ్చి పంపిన్రు. ఆ మిషను కరెంటుతోటి నడుస్తది. కరెంటు పోతే పాత ఇన్వర్టరు గంట మోస్తది, చిన్న సిలిండరు ఇంకో రెండు గంటలు. గాలిదుమారం లేస్తే మా దిక్కు కరెంటు మూడు గంటలల్ల వస్తదని నేనే చెప్పలేను, ఇగ వేరేటోళ్లేం చెప్తరు?

సోలారు కంపెనీ పిలగాడు వచ్చిండు. మంచోడే, కూసొని నిమ్మలంగ చెప్పిండు. కొంటే ప్యానెళ్లు, బ్యాటరీ అన్నీ మావే, కని సబ్సిడీ ఫైలు నడవాలె, సామాను రావాలె, రెండు మూడు నెలలు పట్టొచ్చు. కిరాయికైతే వాళ్ల సామాను గోదాంల తయారున్నది, వారంల బిగిస్తరు, చెడిపోతే వాళ్లే చూసుకుంటరు.

"కిరాయికైతే ఎన్నేండ్లకు రాయాలె సార్? మూడా, ఐదా, పదా?" అని కాగితం తీసిండు.

నేను నోరు తెరిచేలోపు మంచం మీది నుంచి ఆమె అడిగింది. "ఏడాదికి ఇయ్యరా బిడ్డా?"

ఆ పిలగాడు తల దించిండు. నాకు నెత్తికెక్కింది. కాగితం గుంజుకొని ఉండ చుట్టి వాకిట్లకు ఇసిరిన. "కరెంటోని ఇంట్ల కిరాయి కరెంటా? కొంట. ఇరవై ఐదేండ్ల గ్యారంటీ ఉన్నదే కొంట. ఫైలు పెట్టు" అన్న. మాట ఆ పిలగానికి, చూపు ఆమె మీద.

"గట్ల ఒర్రుతవేందయ్యా, నేనేమన్నా ఇప్పుడు" అన్నది. ఆ పిలగాడు పోయినంక మాత్రం ముసిముసిగ నవ్వింది. "ఇరవై ఐదేండ్లు నన్ను భరిస్తవా? ఇప్పటికే నా మీద ఒంటికాలి మీద లేస్తున్నవు." ఆ నవ్వు దగ్గుల పడ్డది. వీపు రాసుకుంట కూసున్న.

నామోషీ అని అందరికీ చెప్పిన గని అది అబద్ధం. కాగితం మీద మూడేండ్లు అని రాస్తే, మూడేండ్లకు నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది. ఇరవై ఐదేండ్లు కొనుక్కొస్తే ఆమె వాటితోపాటు ఉంటదని నా పిచ్చి. అప్పుడు గింత తేటగ తెల్వలే.

తర్వాత రోజూ ఫోన్లే. ఫైలు కదిలింది, సామాను రాలే, వచ్చే వారం సార్. ఆమె రోజు పొద్దుగాల నన్ను గెలికేది. "ఏమాయె, నీ ప్యానెళ్లు లారీ ఎక్కినయా, ఇంకా నడిచొస్తున్నయా?" కిరాయి మాట మళ్ల ఎత్తలే. ఎత్తితే నేను బాధపడ్తనని ఆమెకు ఎరుకే.

ఎండాకాలం, ఒకనాడు పగటీలి గాలిదుమారం లేసింది. చెట్లు తీగెల మీద పడ్డయి, రోడ్డు మీద పడ్డయి. ఇన్వర్టరు అయిపోయింది. సిలిండరు పెట్టిన. అంబులెన్సుకు ఫోన్ చేస్తే చెట్టు అడ్డం పడ్డది, కోయిస్తున్నం అన్నరు. సిలిండరు ముల్లు కిందికి దిగుతుంటే సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టి స్పీకర్ల పెట్టిన. ఆపరేటరు నన్ను ఎరిగినోడే.

"కొమ్మలన్నీ తీసిన్రన్నా. ఒక్కడే ఇంకా స్తంభం మీదున్నడు. లైన్ క్లియర్ ఇంకా వాపస్ ఇయ్యలే" అన్నడు.

లైన్ క్లియర్ అంటే మా పనిల ప్రాణం. స్తంభం ఎక్కే మనిషి సబ్‌స్టేషన్‌ల చెప్పి లైను బంద్ చేపిస్తడు. మళ్ల అతనే కిందికి దిగి, అతని నోటితోటి చెప్తెనే లైను ఛార్జి చెయ్యాలె, అంటే కరెంటు ఇడవాలె. ఏ ఆఫీసరు చెప్పినా చెయ్యొద్దు. ఇది నేనే ఎంతోమందికి నేర్పిన. ఆనాడు స్తంభం మీదున్నోడు గూడ నా దగ్గర నేర్చుకున్నోడే. ఫోన్ జేబుల ఉండదు, కిందనే పెట్టి ఎక్కుతడు.

ఆపరేటరు మెల్లగ అడిగిండు. "ఏం చెయ్యమంటవన్నా? పని అయిపోయే ఉంటది."

ఆమె నన్నే చూస్తున్నది. మాట రాలే, చెయ్యి మాత్రం అడ్డంగ ఊపింది. వద్దని.

"వాపస్ వచ్చినంకనే ఇయ్యి" అన్న.

అర్ధగంటకు కరెంటు వచ్చింది. మిషను తనంతట తనే గుర్రుమన్నది. ఆమెకు అవసరం లేకుంట పోయింది.

ఆ ఫోన్ గురించి నాకు రంది లేదు. స్తంభం మీదున్నోడు దిగి వాళ్ల ఇంటికి పోయిండు. నా రందంతా వాకిట్లకు ఇసిరిన ఆ కాగితం గురించే. ఆ ముచ్చటకూ ఆ దుమారానికీ నడుమ ఏడు వారాలు. వారంల బిగిస్తమన్నోన్ని నేనే ఎల్లగొట్టిన. ఆమె ఏడాది అడిగితే అరిచిన. పాపం, ఆమె ఎక్కువే అడిగింది.

పెద్దకర్మ అయిన నాలుగోనాడు ప్యానెళ్లు దిగినయి. వద్దంటే ఆర్డరు అయిపోయింది సార్ అన్నరు. బిగించిన్రు. గ్యారంటీ కార్డు మీద సంతకం పెట్టించుకున్నరు.

ఇప్పుడు కరెంటు పోతే ఊరంత చీకటైతది, మా ఇంట్ల ఫ్యాను తిరుగుతది. దాని కింద కూసోబుద్ధి గాదు. లేసి స్విచ్చులన్నీ బంద్ చేసి, లైను వచ్చేదాక అందరి లెక్కనే అరుగు మీద కూసుంట.