నలభై ఒకటో నంబరు కుడివైపు

ఆ ల్యాబులో అందరూ ఆమెను ముక్కలక్క అంటారు. గడ్డకట్టిన మెదడును చలిపెట్టెలో వెంట్రుకలో నాలుగో వంతు మందాన కోసి, గాజు స్లైడు మీదికి ఎత్తడం ఆమె పని. ఇరవై ఏళ్లుగా అదే పని. ఇంట్లో ఉల్లిపాయలు మాత్రం దుంగల్లా తరుగుతుందని వాళ్లాయన దెప్పుతాడు. ఆయనకేం, ఉల్లిపాయ పాడైతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు.

మెదళ్లకు పేర్లుండవు, నంబర్లే. పోయినవాళ్ల తరఫువాళ్లు సంతకం చేసి ఇస్తారు; పేరు ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది. సొంతవాళ్లదేమోనన్న అనుమానం వస్తే చాలు, ఆ పని ఇంకొకరికి అప్పగించాలని రూలు. నలభై ఒకటో నంబరు చీటీ మీద "పురుషుడు, ముప్పై ఎనిమిదేళ్లు, మూర్ఛ" అని చూడగానే ఆమె లేచి చెప్పాల్సింది. మెదడు మీద ఎడమ కణత వైపు పాత దెబ్బ మచ్చ చూశాక అనుమానానికి కూడా చోటు లేదు. అయినా నోరు మెదపలేదు. కిందటేడు తమ్ముడు నిద్రలోనే ఫిట్స్ వచ్చి పోతే, మెదడు ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టింది ఆమే.

పదేళ్ల వయసులో, ఐదేళ్ల తమ్ముణ్ణి మేడమెట్లు దింపుతూ ఆమె చెయ్యి వదిలేసింది. వాడి కణత మెట్టు అంచుకు కొట్టుకుంది. ఫిట్స్ దాంతోనే మొదలయ్యాయని ఇంట్లో అందరి లెక్క. "దీని చేతికి అప్పగించాను చూడు, నాది బుద్ధి తక్కువ" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట ముప్పై మూడేళ్లుగా ఆమెను వదల్లేదు. ఆ చిన్న చెయ్యి జారిపోవడం ఇప్పటికీ అరచేతికి తెలుస్తూనే ఉంటుంది.

ల్యాబువాళ్లు వెతుకుతున్నది మూర్ఛతో సంబంధమున్న ఒక జీన్‌ని. మెదడులో అది ఎక్కడ పనిచేస్తుంటే అక్కడ రంగు మందు ఊదా చుక్కలు పెడుతుంది. మామూలు మెదడులో, జ్ఞాపకాలు దాచే ఒంపులో, ఆ చుక్కలు ఆవాలు చల్లినట్టు దట్టంగా పడతాయి. మిగతా కణాలు రెచ్చిపోకుండా అదుపు చేసే కణాలవి. దెబ్బే కారణమైతే తమ్ముడి ఎడమవైపే చుక్కలు పలచబడాలి, కుడివైపు నిండుగా ఉండాలి. అలాగే ఉంటుందని ఆమె గుండె రాయి చేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

రెండు వైపులా పలచగానే ఉన్నాయి.

కుడివైపు ముక్క అంచున చిన్న గాటు పెడతారు. లేకపోతే గాజుకు అతుక్కున్నాక ఏది ఏ వైపుదో చెప్పడం కష్టం. గాటు తప్పు ముక్కకు పెట్టానేమో, రెండుసార్లూ ఎడమదే కోశానేమో అనుకుంది. మళ్లీ కోసింది. నమ్మకం కుదరక మూడోసారీ కోసింది. కోసిన కొద్దీ తమ్ముడు తరిగిపోతున్నాడు. "ఇంకొక్కసారి ఓర్చుకోరా" అని ఆమె చలిపెట్టెలోకి గొణగడం పక్కబల్ల వాళ్లు కూడా విన్నారు.

చివరికి పరిశోధకురాలు వచ్చి అడిగింది. "ఏంటక్కా, ఒకటే మెదడు ఎన్నిసార్లు కోస్తారు?"

"కుడి ఎడమ తారుమారు చేశానేమోనమ్మా."

"మీరా? మీరలా చెయ్యరు. జీన్ పరీక్ష కూడా వచ్చింది. ఈయనకి పుట్టుకతోనే లోపం ఉంది. ఆ జీన్ సగమే పనిచేస్తోంది, రెండు వైపులా."

"మరి ఆ దెబ్బ?"

"ఫిట్ వచ్చే పడ్డాడేమో. ఇలాంటివాళ్లలో అది మామూలే."

అప్పుడు చెప్పింది, ఆయన తన తమ్ముడని. ఆ పిల్ల కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

ఆ రోజు పొద్దుండగానే ఇల్లు చేరింది. తన దగ్గరే ఉంటున్న అమ్మ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెప్పులు కూడా విప్పకుండానే చెప్పేసింది. "అమ్మా, తమ్ముడికది పుట్టుకతోనే ఉందట. నేను చెయ్యి వదిలినందుకు కాదట."

అమ్మ ఏడుస్తుందనుకుంది. దగ్గరికి తీసుకుంటుందనీ అనుకుంది. అమ్మ తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"తెలుసే."

"ఏం తెలుసు?"

"నెలల పిల్లాడప్పుడే రెండుసార్లు వచ్చింది. మా అన్నయ్యకీ ఉండేది. నా వైపు నుంచి వచ్చిందని తెలిస్తే మీ నాన్నవాళ్లు నన్ను బతకనిచ్చేవాళ్లా? నువ్వు పడేశావన్నాక ఇంకెవరూ ఏమీ అడగలేదు."

"మరి నా సంగతి?"

అమ్మ ఇంకో బట్ట తీసుకుంది. "నువ్వు చిన్నపిల్లవి కదే. మర్చిపోతావనుకున్నా."